చెప్పాను కదా!

“ముందుగా బ్యాకప్ తీసుకో బాబాయ్. తర్వాత కింద ఇచ్చిన కమాండ్లు ఒకదాని తర్వాత ఒకటి కొట్టు. మధ్యలో ఏమైనా అడిగితే ఎంటర్ కొట్టెయ్. గంట, గంటన్నర పడుతుంది.”

ఇది నేను మా బాబాయికి వాట్సాప్‌లో పంపిన మెసేజి. నాలుగు వాక్యాలు, ఆ కింద మూడు కమాండ్లు. కమాండ్లు తప్ప మిగతాదంతా తెలుగులోనే రాశాను. రాశాక ఒకసారి చదువుకుని, బాగానే వచ్చిందని కూడా అనుకున్నాను. పదకొండేళ్ళుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నవాణ్ణి. ఇంతకంటే చిక్కు పనులకి ఇంతకంటే పొడుగు డాక్యుమెంట్లు రాసినవాణ్ణి. నాలుగు వాక్యాలదేముంది?

మా బాబాయికి చల్లపల్లిలో చిన్న షాపు ఉంది. ఒకప్పుడు ఫోటో స్టూడియో. ఇప్పుడు జిరాక్స్, ప్రింటవుట్లు, లామినేషన్, ఆన్‌లైన్ అప్లికేషన్లు, పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు. లోపలి గదిలో ఉన్న పాత కంప్యూటర్లో చాలా ఏళ్ళ క్రితం నేనే ఒక ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి పెట్టాను. దాని గడువు అయిపోతోంది, కొత్త వెర్షన్‌కి మార్చాలి. ఊరికి వెళ్ళి చెయ్యడానికి నాకు సెలవు దొరకలేదు. అందుకే ఆ మెసేజి.

“బ్యాకప్ తీశానురా” అని జవాబు వచ్చింది, బొటనవేలు బొమ్మతో సహా. నిజంగానే తీశాడు. ఫోటోలున్న ఫోల్డర్ మొత్తాన్ని ఒక డ్రైవ్‌లోంచి ఇంకో డ్రైవ్‌లోకి కాపీ చేశాడు. తెర మీద రెండు డ్రైవ్‌లు రెండు పేర్లతో కనిపిస్తాయి. ఆయన దృష్టిలో అవి రెండు బీరువాలు. నిజానికి ఒకే డిస్కుని నేనే ఎప్పుడో రెండుగా విడగొట్టాను. ఆ సంగతి ఆయనకి నేనెప్పుడూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం నాకెప్పుడూ కనిపించలేదు.

అప్‌గ్రేడ్ సగంలో ఉండగా కరెంటు పోయింది. యూపీఎస్ ఉంది కానీ దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, ప్లగ్గు బోర్డు కింద వాడుతున్నారు. కరెంటు వచ్చాక కంప్యూటర్ పైకి లేవలేదు. బాబాయి మూడుసార్లు ఫోన్ చేశాడు, నేను మీటింగులో ఉన్నాను. సాయంత్రం పక్క షాపు కుర్రాడు పెన్‌డ్రైవ్ తెచ్చి, సిస్టమ్ మళ్ళీ మొదట్నుంచీ ఎక్కించాడు. డిస్కు మొత్తం వాడుకోమంటావా అని అది అడిగితే అవునన్నాడు. గంటలో కంప్యూటర్ కొత్తదానిలా తయారైంది. రెండు బీరువాలూ ఖాళీ అయ్యాయి.

పోయినవాటిలో ఆయన సొంత ఫోటోలు తక్కువ. మా వైపు ఎవరైనా చనిపోతే పెద్దకర్మ నాటికి ఫోటో పెద్దది చేయించి దండ వేస్తారు కదా, ఆ ఫోటోలు ఎక్కువ. ఎక్కడో పెళ్ళి గ్రూప్ ఫోటోలో మూలన నిలబడ్డ మనిషిని విడదీసి, మరకలు తుడిచి, చొక్కా గుండీ సరిచేసి ఇవ్వడం ఆయన పనితనం. ఇచ్చాక ఫైలు పారేసేవాడు కాదు. ఇంటిపేరు, ఊరు, సంవత్సరం రాసి దాచేవాడు. సంవత్సరీకానికి మళ్ళీ వస్తారు, లేకపోతే ఫోటోకి చెద పట్టిందని వస్తారు. అలా పదిహేనేళ్ళ ముఖాలు. ఫైళ్ళు వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్‌తో నేను తర్వాత కూర్చుంటే కొన్ని వందలు దొరికాయి. పేర్లు లేవు. చాలావాటిలో సగం ముఖమే ఉంది.

ఆ రాత్రి ఫోన్లో విషయం విన్నాక నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట: “చెప్పాను కదా బాబాయ్, బ్యాకప్ తీసుకోమని!”

“తీశానుగా అయ్యా” అన్నాడాయన. కాసేపాగి, “నీ తప్పేం లేదులే” అన్నాడు.

ఈ వ్యాసం ఆ ‘చెప్పాను కదా’ గురించి. చెప్పడంతో చెప్పినవాడి బాధ్యత తీరిపోతుందా అన్నది నా ప్రశ్న.

*

తెలుగులో ఆ మాట ఎంత పదునైనదో గమనించారా? ‘చెప్పాను’ అంటే సమాచారం. ‘కదా’ చేరగానే తీర్పు. అవతలివాడి చేతే తప్పు ఒప్పించే రెండక్షరాలవి. అమ్మలు పిల్లలతో అంటారు, డాక్టర్లు రోగులతో అంటారు, మా వృత్తిలో మేము వాడేవాళ్ళతో అంటాం. ఇంగ్లీషులో దానికో బండ బూతు సంక్షిప్తం కూడా ఉంది: ‘ఆ మాన్యువల్ చదువు’ అని. మర్యాదగా చెప్పినా అర్థం మాత్రం అదే. అందులో ఉంది, నువ్వు చూసుకోలేదు, ఇక నాకు సంబంధం లేదు.

చట్టం కూడా మా వైపే ఉంటుంది. ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఎక్కువగా కనిపించే జీపీఎల్ లైసెన్సులో పెద్దక్షరాల్లో రాసి ఉంటుంది: దీనికి ఏ హామీ లేదు, ఇది పాడైతే ఆ ఖర్చు నీదే అని. ఆ షరతు అన్యాయమని నేననను. డబ్బు తీసుకోకుండా రాత్రుళ్ళు కూర్చుని రాసినవాణ్ణి కోర్టుకి లాగగలిగితే రేపట్నుంచి ఎవరూ రాయరు. కానీ ఒక విచిత్రం చూడండి. లైసెన్సు ‘హామీ లేదు’ అంటుంది. అదే సాఫ్ట్‌వేర్‌తో వచ్చే మాన్యువల్ ‘ఇది కొట్టు, తర్వాత ఇది కొట్టు’ అంటుంది. లైసెన్సు చేతులు కడుక్కుంటుంది, మాన్యువల్ చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. చదివేవాడు నడిచేది మాన్యువల్ చెప్పిన దారిలో. లైసెన్సు ఎవరూ చదవరు.

మాట అనడం కూడా ఒక పని చెయ్యడమేనని ఆస్టిన్ అనే ఇంగ్లీషు తాత్వికుడు 1955లో హార్వర్డ్‌లో ఉపన్యాసాలిచ్చాడు. 1962లో, ఆయన పోయాక, అవి పుస్తకంగా వచ్చాయి. ‘మాటిస్తున్నాను’ అన్నప్పుడు మనం దేన్నీ వర్ణించడం లేదు, మాట ఇచ్చేస్తున్నాం. ‘ఇలా చెయ్యి’ అనేది కూడా ఆ జాతి మాటే అని నాకనిపిస్తుంది. చల్లపల్లి సెంటర్లో కారు ఆపి అవనిగడ్డకి ఎటు వెళ్ళాలని ఒక కొత్త మనిషి అడిగాడనుకోండి. తెలియకపోతే తెలియదనొచ్చు. ‘ఇలా వెళ్ళండి’ అని చెయ్యి చూపించామంటే మాత్రం, ఆ మనిషి ప్రయాణంలో మనకీ కొంత వాటా వచ్చేసినట్టే. దారి తప్పి తిరిగొస్తే, దారి చెప్పడం నా ఉద్యోగం కాదు కదా అని ఎవరూ అనరు. కనీసం మా ఊళ్ళో అనరు.

*

అన్ని పనులకీ ఈ వాటా ఒకేలా ఉండదు. ఇక్కడ అప్‌గ్రేడ్ గురించి కొంచెం చెప్పాలి. మన ఫోన్లో రోజూ వచ్చే అప్‌డేట్లు వేరు. అవి ఉన్న ఇంటికి సున్నం వెయ్యడం లాంటివి. ఆపరేటింగ్ సిస్టమ్‌ని ఒక వెర్షన్ నుంచి ఇంకో వెర్షన్‌కి తీసుకెళ్ళడమంటే ఇంట్లో మనుషులుండగానే దూలాలు మార్చడం. వేల ప్యాకేజీలు ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి. మధ్యలో ఆగిపోతే ఉండేది పాత ఇల్లూ కాదు, కొత్త ఇల్లూ కాదు.

అందుకే ఈ పనికి ప్రత్యేకంగా పనిముట్లు ఉంటాయి, వాటికి డాక్యుమెంటేషన్ ఉంటుంది. ఉబుంటులో ఈ పని చేసేదాన్ని డు-రిలీజ్-అప్‌గ్రేడ్ అంటారు. అది మొదలుపెట్టే ముందు ఎన్ని ప్యాకేజీలు మారతాయో, ఎన్ని తీసేస్తుందో లెక్క చూపిస్తుంది. డౌన్‌లోడ్ పూర్తయ్యాక ఇక ఆపడం కుదరదని అక్కడే చెప్పి, అప్పుడు సరేనా అని అడుగుతుంది. మీరు మార్చుకున్న సెట్టింగుల ఫైలు ఒకటి ఎదురైతే, పాతది ఉంచాలా కొత్తది వెయ్యాలా అని అడుగుతుంది. ఏమీ చదవకుండా ఎంటర్ కొడితే మీదే ఉంచుతుంది. నెట్‌వర్క్ మీదుగా దూరం నుంచి చేస్తుంటే, కనెక్షన్ తెగిపోయినా మళ్ళీ లోపలికి రావడానికి 1022వ నంబరు పోర్టులో ఇంకో తలుపు తెరిచి పెడతానంటుంది. ఇవన్నీ ఎవరో ఒకప్పుడు ఇరుక్కుపోయి, తమ వెనక వచ్చేవాళ్ళ కోసం ఆలోచించి పెట్టినవి. చదవని మనిషికి కూడా రక్షణ ఉండాలని ఎవరో అనుకున్నారు. ‘ఎంటర్ కొట్టెయ్’ అని మా బాబాయికి నేను ధైర్యంగా రాయగలిగింది వాళ్ళ పుణ్యమే.

డెబియన్ వాళ్ళు ప్రతి కొత్త విడుదలకీ రిలీజ్ నోట్స్ ఇస్తారు. అందులో అప్‌గ్రేడ్ అధ్యాయం కమాండ్లతో మొదలవదు. బ్యాకప్‌తో మొదలవుతుంది. అప్‌గ్రేడ్ మధ్యలో మెషీన్ దెబ్బతింటే సిస్టమ్ బాగా పాడయ్యే ప్రమాదం ఉందని చెప్పి, ఏయే డైరెక్టరీలు దాచుకోవాలో పేరుపేరునా రాస్తారు. ఈ మెషీన్ వాడే మిగతావాళ్ళకి ముందే చెప్పమంటారు. పైకి లేవకపోతే ఏం చెయ్యాలో ముందే సిద్ధం చేసుకోమంటారు. ఆ తర్వాతే కమాండ్లు. తెలిసిన ఇబ్బందులకి విడిగా ఇంకో అధ్యాయం. తమ సరుకు ఎక్కడెక్కడ ఇబ్బంది పెడుతుందో తామే ఒక అధ్యాయం నిండా రాసిచ్చే వ్యాపారి మనకి బజార్లో కనిపించడు.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. ఊళ్ళలో జిరాక్స్ షాపుల్లో, స్కూళ్ళలో, ఎరువుల కొట్లలో ఉన్న పాత కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్ళందరికీ ఇప్పుడిదే సందేహం. మార్చాలా? మారిస్తే ఏం పోతుంది? వెనక్కి రావచ్చా? విండోస్ 11కి మారినవాళ్ళకి పాతదానికి తిరిగి వెళ్ళడానికి మామూలుగా పది రోజుల గడువుంటుంది, ఆ తర్వాత ఆ దారి మూసుకుపోతుంది. ఇది పదకొండో రోజు తెలిస్తే దానివల్ల ఉపయోగం లేదు. వెనక్కి రాలేని మలుపు గురించి మలుపుకి ముందే చెప్పాలి. ఈ విషయంలో ఎవరికీ అభిప్రాయభేదం ఉండదు. అసలు చిక్కు తర్వాత ఉంది. నేనూ ముందే చెప్పాను. మొదటి వాక్యమే బ్యాకప్.

*

మా నాయనమ్మ 1977 నవంబరు 19 గురించి చెప్పేటప్పుడు ఎప్పుడూ ఒక మాట అనేది. “గాలివానొస్తదని చెప్పారయ్యా. గాలివాన మనకి కొత్తా? నీళ్ళొస్తయ్యని ఎవరూ అన్లా.”

చల్లపల్లి దాటితే దివిసీమ. ఆ రోజు సముద్రం ఊళ్ళ మీదికి వచ్చింది. ప్రభుత్వ లెక్కల్లోనే సుమారు పదివేల మంది పోయారు. నేను రాసిన పిచ్చి మెసేజినీ ఆ ఉప్పెననీ పక్కపక్కన పెట్టడం తప్పేమో అని చాలా ఆలోచించాను. నష్టాలకి పోలిక లేదు, పెట్టను కూడా. కానీ నాయనమ్మ మాటలో ఉన్నది మాత్రం నాకు కావాలి. ‘తుఫాను’ అనే మాట చెప్పినవాళ్ళకీ తెలుసు, విన్నవాళ్ళకీ తెలుసు. ఇద్దరికీ తెలిసిన మాటే. ఒక్కొక్కరి బుర్రలో ఒక్కో బొమ్మ. విన్నవాళ్ళు తమకి తెలిసిన తుఫానుకి సిద్ధపడ్డారు. తలుపులు బిగించుకున్నారు, పశువుల్ని కట్టేసుకున్నారు. మా బాబాయి తనకి తెలిసిన బ్యాకప్ తీసుకున్నాడు. తెలియని మాట వింటే మనిషి ఆగి అడుగుతాడు. తెలిసిన మాట వింటే ఆగడు. అందుకే తెలిసిన మాటే ఎక్కువ ప్రమాదం.

మచిలీపట్నం రేవులో ఎగరేసే హెచ్చరికల సంగతే తీసుకోండి. ప్రతి ఏడూ పేపర్లో చూస్తాం, ‘మూడో నంబరు ప్రమాద హెచ్చరిక’ అని. ఆ నంబర్లు ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటాయి. అవి ఓడల కోసం పెట్టినవి. పగలు బుట్టల్లాంటి ఆకారాలు, రాత్రి దీపాలు. ఆ పట్టికలో మూడు అంటే స్థానికంగా జాగ్రత్త అనే. ప్రమాదం అన్న మాట ఐదు నుంచి గానీ మొదలవదు, మహాప్రమాదం ఎనిమిది నుంచి. సరంగుకి అది చక్కటి డాక్యుమెంటేషన్. ఏ నంబరుకి ఏం చెయ్యాలో అతనికి తెలుసు. అదే నంబరు పేపర్లో చదివిన రైతుకి కుప్ప మీద పట్టా కప్పాలో, ఊరు వదిలి వెళ్ళాలో తెలియదు. మాట తప్పు కాదు. ఆ మాట అతని కోసం రాసింది కాదు, అంతే.

1990 మే నెలలో మళ్ళీ పెద్ద తుఫాను కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఈసారి పోయినవాళ్ళు వెయ్యి లోపు. అది కూడా చిన్న సంఖ్య కాదు, కానీ 1977తో పోలిస్తే తేడా తెలుస్తుంది. ఈ మధ్యలో హెచ్చరించే పద్ధతి మెరుగుపడింది, తుఫాను షెల్టర్లు కట్టారు, లక్షల మందిని ముందే తరలించారు. వస్తోంది అని చెప్పడంతో ఆగకుండా, ఫలానా బడి దగ్గరికి వెళ్ళండి, ఇదిగో లారీ అని చెప్పగలిగారు. విన్నవాడు చెయ్యగలిగే పనిగా మారినప్పుడే హెచ్చరిక పూర్తవుతుంది. అంతవరకూ అది చెప్పినవాడి దగ్గరున్న రసీదు.

*

మన దగ్గర ఈ ప్రశ్న చాలా పాతది. న్యాయ దర్శనంలో జ్ఞానం కలిగే మార్గాల్లో ఒకటిగా శబ్దాన్ని ఒప్పుకున్నారు. అంటే ఇతరులు చెప్పగా తెలుసుకోవడం. ఎవరు చెబితే? ఆప్తుడు చెబితే, అన్నాడు గౌతముడు. మనం తెలుగులో ఆప్తుడంటే దగ్గరివాడు, మన మేలు కోరేవాడు అనుకుంటాం. ఆ సూత్రాలకి భాష్యం రాసిన వాత్స్యాయనుడు (కామసూత్రాల ఆయన వేరు) ఆప్తుడికి చెప్పిన లక్షణాలు మాన్యువల్ రాసే ప్రతివాడూ గోడకి అంటించుకోదగ్గవి. ఆ విషయాన్ని తాను స్వయంగా ఎరిగి ఉండాలి. ఎరిగినదాన్ని ఎరిగినట్టే చెప్పాలి. అవతలివాడికి తెలియజెయ్యాలన్న కోరికతో చెప్పాలి. ఇంకో మాట కూడా అంటాడాయన: ఈ లక్షణం ఋషికైనా, పెద్దమనిషికైనా, పరాయివాడికైనా ఒకటే. అంటే పదవి, పాండిత్యం లెక్కలోకి రావు.

నా మెసేజిని ఈ కొలతతో కొలుచుకున్నాను. స్వయంగా ఎరిగి ఉన్నానా? లేదు. ఆ కంప్యూటర్ మీద కాదు సరికదా, అలాంటి ఇంకోదాని మీద కూడా ముందు చేసి చూడలేదు. జ్ఞాపకం మీద రాశాను. ఎరిగినట్టే చెప్పానా? అదీ లేదు. నేను అప్‌గ్రేడ్ చేసుకునేటప్పుడు విడి హార్డ్ డిస్కులోకి కాపీ చేసి, అందులోంచి రెండు మూడు ఫైళ్ళు తెరిచి చూసి, డిస్కు పీకి సొరుగులో పెడతాను. యూపీఎస్ ఎంతసేపు నిలుస్తుందో చూస్తాను. చేతికి అలవాటైపోయిన ఈ పనులన్నిటికీ కలిపి నేను పెట్టుకున్న పేరు ‘బ్యాకప్’. మా బాబాయికి పేరు పంపాను, పని పంపలేదు. ఇక తెలియజెయ్యాలన్న కోరిక? ఉంది, కానీ మీటింగుకి ముందు ఐదు నిమిషాలంత ఉంది.

అప్పుడే ఇంకో విషయం అర్థమైంది. స్థానిక భాషలో డాక్యుమెంటేషన్ ఉండాలని మేము చాలా వాదిస్తాం. హైదరాబాదులో స్వేచ్ఛ లాంటి బృందాలు ఆపరేటింగ్ సిస్టమ్‌ని తెలుగులోకి తేవడానికి ఏళ్ళ తరబడి చేసిన పని మీద నాకు గౌరవం ఉంది. అది కావాలి. కానీ నా మెసేజి తెలుగులోనే ఉంది. భాష దాటించినంత మాత్రాన మనిషి దగ్గరికి చేరినట్టు కాదు. చేరాలంటే అవతల ఉన్న ఆ ఒక్క మనిషి కుర్చీలో కూర్చుని, ఆ తెర మీద ఏం కనిపిస్తుందో చూడాలి.

*

తప్పు తెలిశాక ఊరుకోబుద్ధి కాలేదు. అప్‌గ్రేడ్ పనిముట్టు ఒకదాని డాక్యుమెంటేషన్‌కి నేనో సవరణ పంపాను. ఏ ప్రాజెక్టో ఇక్కడ అనవసరం. ‘మీ డేటా బ్యాకప్ తీసుకోండి’ అని ఒక్క వాక్యం ఉన్నచోట ఒక పేరా రాశాను. బ్యాకప్ ఇదే డిస్కులో ఉండకూడదని, వేరే పరికరంలో పెట్టి దాన్ని విడదీయాలని, వీలైతే ఇంకో కంప్యూటర్లో తెరిచి చూడాలని, కరెంటు ఎంతసేపు నిలుస్తుందో చూసుకోవాలని, మధ్యలో ఆగిపోతే వెంటనే మొదట్నుంచీ ఎక్కించొద్దని.

సమీక్షించినాయన మర్యాదగానే జవాబిచ్చాడు. ఇది ఈ డాక్యుమెంటు పరిధి కాదన్నాడు. బ్యాకప్ అంటే ఏమిటో తెలియనివాళ్ళు ఈ పనిముట్టు వాడకూడదన్నాడు. ప్రతి మాటనీ ఇలా విడమరిస్తే పేజీ చాటంత అవుతుంది, అప్పుడు తెలిసినవాళ్ళు కూడా చదవరన్నాడు.

మొదట ఒళ్ళు మండింది. తర్వాత ఆలోచిస్తే ఆయన చెప్పినదాంట్లో నిజం ఉంది. హెచ్చరికలు ఎక్కువైతే హెచ్చరికకి విలువ పోతుంది. అడుగడుగునా ‘జాగ్రత్త’ అని రాసి ఉన్న మెట్ల మీద ఎవరూ జాగ్రత్తగా నడవరు. అసలు నా పేరాలో సగం చదివేవాడి కోసం కాదు. రేపు ఎవరైనా నష్టపోతే ‘చెప్పాను కదా’ అనడానికి నాకు పనికొచ్చేవి. బాబాయి మీద చేసిన తప్పుకి విరుగుడుగా నేను ఇంకాస్త పొడుగు రసీదు తయారు చేశాను, అంతే.

ఆయన రెండో మాటని మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేను. తెలియనివాళ్ళు వాడకూడదంటే, గడువు అయిపోయిందని వాళ్ళ తెర మీద మెసేజి ఎందుకు వస్తున్నట్టు? ఆ మెసేజి చల్లపల్లిలోనూ వస్తుంది. మార్చకపోతే ప్రమాదమని భయపెట్టి, మార్చబోతే నీకు అర్హత లేదనడం న్యాయం కాదు.

మరి పొడుగూ కాకూడదు, పొట్టీ కాకూడదంటే ఏం చెయ్యాలి? నాకు దొరికిన జవాబు చిన్నది. పేరు చెప్పడం మానేసి పరీక్ష చెప్పాలి. ‘బ్యాకప్ తీసుకోండి’ అంటే తీశానని ఎవరైనా అనుకోవచ్చు. ‘కాపీ చేసిన పెన్‌డ్రైవ్‌ని ఇంకో కంప్యూటర్‌కి పెట్టి, ఒక ఫోటో తెరిచి చూడండి. తెరుచుకుంటేనే ముందుకు వెళ్ళండి’ అంటే అలా అనుకోవడం కుదరదు. తెలిసినవాడికి ఒక్క క్షణం వృథా. తెలియనివాడికి పదిహేనేళ్ళ పని దక్కుతుంది. మాటకి ఇద్దరి బుర్రల్లో రెండు బొమ్మలున్నా పరవాలేదు, పరీక్షకి ఒకే ఫలితం ఉంటుంది.

రెండోది, తన హద్దు తాను చెప్పుకోవడం. రేవు హెచ్చరికల్లో పదకొండో నంబరు నాకు చాలా ఇష్టం. పది దాకా గాలి గురించీ ప్రమాదం గురించీ చెబుతాయి. పదకొండు అంటే తుఫాను కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి అని. ఇక్కడి అధికారి వాతావరణం పాడవుతుందనుకుంటున్నాడు, ఇంతకు మించి సమాచారం లేదు అని. తమకి తెలియకుండా పోయే రోజుకి కూడా ఒక గుర్తు ముందే కేటాయించి పెట్టారు. మా డాక్యుమెంటేషన్‌లో అదే ఉండదు. అన్నీ అనుకున్నట్టు జరిగే దారి ఒక్కటే ఉంటుంది. ‘తెర ఇలా నల్లగా ఆగిపోతే ఈ పేజీ ఇక మీకు సాయం చెయ్యలేదు. దేన్నీ ముట్టుకోకండి, తెలిసినవాళ్ళని అడగండి’ అని ఒక్క వాక్యం నా మెసేజి చివర ఉండి ఉంటే, పక్క షాపు కుర్రాడు ఆ సాయంత్రం ఆగేవాడేమో.

ఇవి రెండూ చేసినా వాటా పూర్తిగా తీరదని తెలుసు. రాసినదాన్ని మళ్ళీ మళ్ళీ చూసుకోవాలి. వెర్షన్ మారుతుంది, తెర మారుతుంది, నిన్నటి నిజం ఇవాళ తప్పుదారి అవుతుంది. మా ఊళ్ళో 2014 నవంబరు నుంచి స్వచ్ఛ చల్లపల్లి కార్యకర్తలు తెల్లవారకముందే లేచి వీధులు ఊడుస్తున్నారు. నిన్న ఊడ్చిన రోడ్డే ఇవాళా ఊడుస్తారు. చిన్నప్పుడు ఊడవడం పనిలా కనిపించేది కాదు నాకు. కొత్తగా ఏదైనా కడితేనే పని. మా వృత్తిలోనూ అంతే, కొత్త ఫీచరు రాసినవాడికి చప్పట్లు. పాత పేజీలో తప్పయిపోయిన ఒక లైను తీసేసినవాడి పేరు ఎవరికీ తెలియదు. ఆ లైనుని నమ్మి రేపు నడవబోయే మనిషికి మాత్రం వాడే ఆప్తుడు.

*

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు షాపులో కూర్చున్నాను. నాగాయలంక వైపు నుంచి ఒకావిడ వచ్చింది. సంచీలోంచి లామినేషన్ చేసిన ఫోటో తీసింది. ఉప్పెనలో పోయిన వాళ్ళ అన్నయ్యది. ఎండకి వెలిసిపోయింది. “అప్పుడు నువ్వే చేసిచ్చావుగా బాబూ, నీ దగ్గర ఉంటదిగా, ఇంకోటి తియ్యి” అంది.

బాబాయి నా వైపు చూడలేదు. “కంప్యూటర్ పాడైందమ్మా” అన్నాడు. ఆ వెలిసిన దాన్నే స్కానర్ మీద పెట్టాడు. గంటసేపు కూర్చుని, కళ్ళూ మీసమూ కాస్త తేల్చాడు. మిగతా ముఖం తెల్లగానే ఉండిపోయింది. ఆవిడ ప్రింటు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. “అన్నయ్యేలే” అని కొంగుకి చుట్టుకుంది. బాబాయి డబ్బు తీసుకోలేదు.

ఆవిడ వెళ్ళాక చూశాను, సీపీయూ మీద తెల్లకాయితం ఒకటి టేపుతో అంటించి ఉంది. ఆయన దస్తూరీ.

“1. నల్ల డిస్కులో ఎక్కించు. 2. ఎక్కించింది బయట కంప్యూటర్లో పెట్టి మూడు ఫోటోలు తెరిచి చూడు. 3. డిస్కు పీకి బీరువాలో పెట్టు. తాళం వెయ్యి. 4. కరెంటోళ్ళకి ఫోన్ చేసి అడుగు. 5. అప్పుడు మొదలుపెట్టు. 6. ఆగిపోతే ఎవర్నీ ముట్టుకోనివ్వకు. పిల్లాడు ఫోన్ ఎత్తేదాకా ఆగు.”

నా సవరణ ఇంకా అలాగే పెండింగులో ఉంది. పేరా మొత్తం తీసేసి, ఈ కాయితంలోని రెండు, మూడు అంశాలని ఇంగ్లీషులోకి మార్చి రెండే వాక్యాలుగా మళ్ళీ పంపాను. నాలుగు రోజులకి ఒప్పుకున్నారు. ఆరో అంశం మాత్రం పంపలేదు. అది నా కోసం రాసింది.